ఒకే ఆటకు రెండు రూల్సా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. "అమ్మ మీద కవితలు మాత్రం వద్దర్రా, ఇప్పటికే పదకొండు వచ్చాయి" అని కూడా అన్నారు. అందుకని మన హాస్టల్లో ఇంతవరకు ఎవరూ ఆడని ఆట గురించి రాస్తున్నాం. అది గోల్ఫ్. నవ్వకండి తమ్ముళ్ళూ, మొదట మేమూ నవ్వినవాళ్ళమే.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక సీనియర్ అన్న మా గదిలోని ముగ్గురినీ హైదరాబాదులో జరిగే గోల్ఫ్ టోర్నమెంటుకు రోజు కూలికి తీసుకెళ్ళాడు. పని తేలికే. ఎండలో నిలబడి, దూరం నుంచి కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూసి, అక్కడ చిన్న జెండా గుచ్చాలి. మొదటి రోజు ప్రో-యామ్ అన్నారు. అంటే ఆటే జీవనాధారంగా ఉన్న ప్రొఫెషనల్ ఒకరు, సరదాకు ఆడే అమెచ్యూర్లు ముగ్గురు కలిసి ఒక జట్టు. అమెచ్యూర్ సార్లు ముందున్న చోటు నుంచి కొట్టినా బంతి మా దాకా వచ్చేది కాదు. ప్రొఫెషనల్ బాగా వెనక నుంచి కొట్టినా మా నెత్తి మీదుగా పోయేది. నోరు తెరుచుకుని చూస్తున్న మమ్మల్ని చూసి, బ్యాగు మోసే కేడీ పెద్దాయన నవ్వాడు. "అదే బంతి, అదే రూలు బాబూ. మనిషే వేరు" అన్నాడు.

ఆ మాట మీద ఆ రాత్రి గదిలో మొదలైన వాదన ఇప్పుడు పీజీ రెండో సంవత్సరానికి వచ్చినా తెగలేదు. అంత బలంగా కొట్టేవాడికీ, వారానికి ఒకసారి వచ్చి కొట్టేవాడికీ ఒకే రూలు ఎందుకు ఉండాలి? తర్వాత చదివితే తెలిసింది, ప్రపంచ గోల్ఫ్ పెద్దలు కూడా కొన్నేళ్ళుగా సరిగ్గా దీని మీదే కొట్టుకుంటున్నారని.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. 18 గుంటలు, ఒక్కొక్కటి 108 మిల్లీమీటర్ల వెడల్పు. ప్రతి గుంటకూ దూరంగా ఒక ప్రారంభ స్థలం. అక్కడి నుంచి బంతిని కొట్టుకుంటూ వెళ్ళి గుంటలో వేయాలి. ఎన్ని దెబ్బలకు వేశావన్నదే లెక్క, ఎంత తక్కువైతే అంత గొప్ప. బ్యాగులో 14 కర్రలకు మించి ఉండకూడదు. బంతి 42.67 మిల్లీమీటర్ల కంటే చిన్నది కాకూడదు, 45.93 గ్రాముల కంటే బరువు ఉండకూడదు. ఇదంతా జరగడానికి నూటయాభై ఎకరాలు అటూ ఇటూగా నేల కావాలి. మన ఊళ్ళో అంత భూమి ఎన్ని కుటుంబాల చేతుల్లో ఉందో లెక్క వేసుకోండి!

ఈ ఆటకు రాతపూర్వకంగా దొరికిన తొలి రూల్స్ 1744లో స్కాట్లండ్‌లోని లీత్‌లో రాసుకున్నవి, మొత్తం 13. ఇప్పుడు రూల్స్ రాసేవి రెండు సంస్థలు. ఒకటి స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఎ, రెండోది అమెరికా గోల్ఫ్ సంఘమైన యు.ఎస్.జి.ఎ. 1952 నుంచి ఇద్దరూ కలిసి ఒకే నిబంధనావళి నడుపుతున్నారు. కోట్లు గెలిచే ఛాంపియనూ, మొన్ననే కర్ర పట్టిన కుర్రవాడూ ఆడేది ఆ ఒక్క పుస్తకం ప్రకారమే. గోల్ఫ్ వాళ్ళకు ఇది చాలా గర్వకారణం.

మరి గొడవ ఎక్కడొచ్చింది? బంతి దగ్గర.

అమెరికాలోని పి.జి.ఎ. టూర్‌లో ప్రొఫెషనల్స్ మొదటి దెబ్బ సగటున 1980లో 257 గజాలు వెళ్ళేది. 2003కి అది 286 అయింది. 2023లో 300కు చేరింది. క్రికెట్ పిచ్ 22 గజాలు కాబట్టి, 300 గజాలంటే దాదాపు 14 పిచ్‌లు వరసగా పేర్చినంత దూరం. అది సగటు మాత్రమే, బలవంతులు ఇంకా దూరం కొడతారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఆటగాళ్ళు ఇప్పుడు జిమ్‌లో శరీరం పెంచుతున్నారు. కర్ర తల ఒకప్పుడు చెక్క, ఇప్పుడు లోపల బోలుగా ఉండే టైటానియం. 2000లో టైటిలిస్ట్ కంపెనీ ప్రో వి1 అనే బంతి తెచ్చాక పాత రకం బంతులు కొద్ది కాలంలోనే మూలపడ్డాయి. అదే కాలంలో సరదా ఆటగాళ్ళ సంగతి చూస్తే, మగవాళ్ళ సగటు ఇంకా 215 గజాల దగ్గరే తచ్చాడుతోంది. వాళ్ళ వల్ల ఏ మైదానానికీ వచ్చిన ముప్పు లేదు.

ముప్పు ఎలాంటిదంటారా? బంతి దూరం పోయేకొద్దీ మైదానం చిన్నదైపోతుంది. అప్పుడు ప్రారంభ స్థలాన్ని వెనక్కి జరపాలి. సెయింట్ ఆండ్రూస్‌లో 17వ గుంట ప్రపంచ ప్రసిద్ధం. 2010 ఓపెన్ పోటీకి దాన్ని 40 గజాలు పొడిగించాల్సి వచ్చి, ప్రారంభ స్థలాన్ని మైదానం సరిహద్దు గోడకు అవతల పెట్టారు. అంటే పక్కవాడి స్థలంలో నిలబడి మన మైదానంలోకి కొట్టడం. అమెరికాలో మాస్టర్స్ జరిగే అగస్టాలో 13వ గుంట కోసం పొరుగు క్లబ్బు భూమి కొని, 2023లో 510 గజాలున్న దాన్ని 545 చేశారు. అగస్టా వాళ్ళకు డబ్బుకు కొదవ లేదు, కొన్నారు. అందరూ కొనగలరా? పెరిగిన నేలకు నీళ్ళు పెట్టాలి, గడ్డి కోయాలి, మందు కొట్టాలి. ఇక నడక సంగతి. ఆ రోజు కేడీ పెద్దాయన అన్నమాట ఇది: "బంతి దూరం పోతే చప్పట్లు ఆయనకు, నడక నాకు." భుజాన బ్యాగు పదిహేను కిలోలకు తక్కువ లేదు.

2023 మార్చిలో రెండు సంస్థలూ కలిసి ఒక ప్రతిపాదన పెట్టాయి. అది అర్థం కావాలంటే బంతిని ఎలా పరీక్షిస్తారో తెలియాలి. ఒక యంత్రం బంతిని నిర్ణీత వేగంతో కొడుతుంది. అది 317 గజాలు, పైన 3 గజాల మినహాయింపు దాటకుండా పడితే పాసు. 2004 నుంచి ఆ యంత్రం కర్ర వేగం గంటకు 120 మైళ్ళు. దాన్ని 127 మైళ్ళకు పెంచుతాం, హద్దు మాత్రం అక్కడే ఉంటుంది అన్నారు. గట్టిగా కొట్టినా అంతే దూరం పోవాలంటే బంతి కొంచెం మందంగా తయారు కావాలి. కానీ ఈ కొత్త బంతి పెద్ద పోటీలకే. సరదా ఆటగాళ్ళు పాత బంతితోనే ఆడుకోవచ్చు. అంటే ఒకే ఆటకు రెండు బంతులు!

రోరీ మెకిల్‌రాయ్ మంచిదే అన్నాడు. రెండు రూల్స్ ఉంటే తప్పు లేదని టైగర్ వుడ్స్ కూడా అన్నాడు. జస్టిన్ థామస్ గట్టిగా వ్యతిరేకించాడు. పి.జి.ఎ. టూర్ ఒప్పుకోలేదు. బంతుల కంపెనీలు సరేసరి, ఒప్పుకోవు. ఎందుకంటే వాళ్ళ వ్యాపారమంతా ఒక్క మాట మీద నడుస్తుంది. మీ అభిమాన ఆటగాడు కొట్టే బంతినే మీరూ కొట్టవచ్చు అన్నదే ఆ మాట. ఆ బంతులు ఒక డజను కొనాలంటే మన నెల మెస్ బిల్లు దాటిపోతుంది, అయినా జనం కొంటారు. చివరికి 2023 డిసెంబరులో సంస్థలు మనసు మార్చుకున్నాయి. రెండు బంతులు వద్దు, ఒకటే బంతి, పరీక్ష వేగం 125 మైళ్ళు, పెద్ద పోటీలకు 2028 జనవరి నుంచి, మిగతా అందరికీ 2030 జనవరి నుంచి అని అప్పుడు ప్రకటించాయి. వాళ్ళ అంచనా ప్రకారం అందరికంటే దూరం కొట్టేవాళ్ళు 13 నుంచి 15 గజాలు కోల్పోతారు. సరదా ఆటగాడు కోల్పోయేది 5 గజాలు, లేదా ఇంకా తక్కువ.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అందరికీ ఒకే రూలు అన్న గర్వం పూర్తిగా నిజం కాదు. 2022 నుంచి ప్రొఫెషనల్ పోటీల్లో, పెద్ద అమెచ్యూర్ పోటీల్లో డ్రైవర్ అనే పొడవాటి కర్ర 46 అంగుళాలు దాటకూడదని నిర్వాహకులు స్థానిక నిబంధన పెట్టుకోవచ్చు. మామూలు క్లబ్బు ఆటగాడికి ఆ హద్దు 48. బంతి పోయినప్పుడు వెనక్కి నడిచి మళ్ళీ మొదటి చోటు నుంచి కొట్టడం అసలు రూలు. 2019 నుంచి సరదా ఆటల్లో రెండు దెబ్బలు జరిమానా వేసుకుని ముందుకు పోయే వెసులుబాటు ఇవ్వవచ్చు, పెద్ద పోటీలకు మాత్రం వద్దన్నారు. కర్ర ముఖం మీద గాళ్ళ నిబంధన మారినప్పుడు ప్రొఫెషనల్స్‌కు 2010 నుంచే అమలు చేసి, సరదా ఆటగాళ్ళకు చాలా ఏళ్ళు గడువిచ్చారు. అంతెందుకు, ఒకప్పుడు బంతులే రెండు ఉండేవి. అమెరికాలో 1.68 అంగుళాలది, బ్రిటన్ వైపు 1.62 అంగుళాలది. చిన్న బంతి ఎదురుగాలిలో బాగా దూసుకుపోయేది. 1974లో బ్రిటన్ వాళ్ళ ఓపెన్ పోటీకి పెద్ద బంతే తప్పనిసరి చేశారు. 1990 వచ్చేసరికి చిన్న బంతి పూర్తిగా పోయింది. కాబట్టి రెండు రూల్స్ వస్తే ఆకాశం ఊడిపడదు. ఇంతకు ముందు ఉన్నాయి, ఇప్పుడూ కొన్ని ఉన్నాయి.

అయినా రెండు అన్న మాట వినగానే మన హాస్టల్ పిల్లలకు ముందు గుర్తొచ్చేది బంతి కాదు, టీ హోటల్లో రెండు గ్లాసులు. మాకూ అదే గుర్తొచ్చింది. అందుకే ఈ ఆటలో వేరు పెట్టడం అనేది ఎలా నడిచిందో కొంచెం చదివాం. మన ఊహకు తలకిందులుగా ఉంది. పాతకాలంలో బ్రిటన్‌లో అమెచ్యూర్ అంటే కలిగినవాడు, ప్రొఫెషనల్ అంటే కేడీగానో కర్రలు చేసే పనివాడిగానో బతికినవాడు. ఆటలో ఎంత గొప్పవాడైనా క్లబ్బు భవనంలోకి రానిచ్చేవారు కాదు. అమెరికాలో యు.ఎస్. ఓపెన్ జరుగుతుండగా ప్రొఫెషనల్స్‌కు క్లబ్బు తలుపు తెరిచింది 1920లో, ఇన్వర్నెస్ క్లబ్బు. క్రికెట్ కూడా తక్కువ తినలేదు. ఇంగ్లండులో జెంటిల్మెన్, ప్లేయర్స్ అని 1962 దాకా రెండు జట్లుగా ఆడారు. అమెచ్యూర్లకు ఒక గేటు, కూలికి ఆడేవాళ్ళకు ఇంకో గేటు. ఇక అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం నిబంధనల్లో సభ్యత్వం తెల్లవాళ్ళకే అని 1934 నుంచి 1961 దాకా అచ్చులోనే ఉండేది. కేడీగా మొదలుపెట్టిన ఛార్లీ సిఫర్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఏళ్ళ తరబడి కొట్లాడితే గాని అది పోలేదు.

ఇంకొకాయన కథ మాకు బాగా నచ్చింది. ఫ్రాన్సిస్ ఊయిమెట్. బోస్టన్ దగ్గర గోల్ఫ్ మైదానానికి ఎదురింటి పిల్లవాడు, అక్కడే కేడీగా పనిచేశాడు. 1913లో 20 ఏళ్ళ వయసులో అమెచ్యూర్‌గా యు.ఎస్. ఓపెన్‌లో దిగి, ఆ కాలపు మహామహులు హ్యారీ వార్డన్, టెడ్ రే ఇద్దరినీ ఓడించాడు. పదేళ్ళ పిల్లవాడు ఆయన బ్యాగు మోశాడు. మూడేళ్ళ తర్వాత ఊయిమెట్ ఆట సామాన్ల దుకాణం పెట్టుకున్నాడని, ఇక నువ్వు అమెచ్యూర్‌వి కాదు పొమ్మన్నారు. బతకడానికి దుకాణం పెట్టడం తప్పయింది! 1918లో తప్పు దిద్దుకున్నారు. 1951లో అదే మనిషి ఆర్ అండ్ ఎ కెప్టెన్ అయ్యాడు, బ్రిటన్ బయటివాళ్ళలో మొట్టమొదటగా.

కాబట్టి రెండు అన్నవన్నీ ఒకటి కాదు. పుట్టుకను బట్టి గేటు వేరు చేయడం ఒకటి. కొట్టే బలాన్ని బట్టి బంతి వేరు చేయడం మరొకటి. రెండోదాన్ని గ్లాసులతో కలిపి తిట్టడం న్యాయం కాదని ముగ్గురం ఒప్పుకున్నాం. ఇంతవరకే ఒప్పుకున్నాం.

గోల్ఫ్‌లో మాకు అన్నిటికంటే నచ్చింది హ్యాండికాప్ పద్ధతి. ఆటగాడి గత స్కోర్లు చూసి అతనికి ఒక అంకె ఇస్తారు. హ్యాండికాప్ 18 ఉన్నవాడు 90 దెబ్బల్లో ముగిస్తే 18 తీసేసి 72గా లెక్కిస్తారు. అదే రోజు, అదే మైదానంలో, హ్యాండికాప్ లేని ఘనుడు 73 కొడితే గెలిచింది మొదటివాడే. ప్రపంచమంతటికీ ఒకే హ్యాండికాప్ విధానం 2020లో వచ్చింది, గరిష్ఠ పరిమితి 54. ప్రొఫెషనల్ పోటీల్లో ఇది ఉండదు. క్లబ్బు ఆటకు మాత్రం ప్రాణం ఇదే. బంతి మారదు, గుంట పెద్దది చేయరు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాడన్నది మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. డిగ్రీలో చేరిన కొత్తలో "మీకు కటాఫ్ తక్కువ కదా" అని నవ్వుతూ అడిగినవాళ్ళు మాకు చాలామంది తగిలారు. ముగ్గురిళ్ళలోనూ డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం మేమే, ఏం చెప్పాలో తెలిసేది కాదు. క్లబ్బులో ఇరవై దెబ్బలు తగ్గించుకుని కప్పు పట్టుకెళ్ళే పెద్దమనిషిని ఎవరూ అలా అడగరు. అక్కడ దాన్ని మర్యాదగా హ్యాండికాప్ అంటారు.

మరి బంతి రెండు రకాలు కావాలా, వద్దా? మొదట మేము కావాలనే అన్నాం. మైదానాలు పెంచాల్సి వస్తున్నది పైవాళ్ళ వల్ల, కాబట్టి కట్టడి పైవాళ్ళకే పెట్టాలి. పాపం, అరవై ఏళ్ళాయన 180 గజాలు కొట్టుకుంటుంటే ఆయన బంతి ఎందుకు తగ్గించాలి? అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి లీగుల్లో చెక్క బ్యాటే వాడాలి, కాలేజీల్లో 1974 నుంచి అల్యూమినియం బ్యాట్లకు అనుమతి ఉంది. ఆ ఆటకేమీ నష్టం రాలేదు. ఈ వాదన ఇప్పటికీ బలమైనదే.

మా మనసు మార్చింది మన హాస్టల్ గ్రౌండే. మన దగ్గర టెన్నిస్ బంతి క్రికెట్‌లో కాంపౌండ్ గోడ దాటితే అవుటు కదా, పైగా దాటించినవాడే వెళ్ళి తెచ్చుకోవాలి. మేము తొమ్మిదిలో ఉండగా మన జట్టు మొదటిసారి బయట టోర్నమెంటుకు వెళ్ళింది. లెదర్ బంతి. మనవాడొకడు రెండో ఓవర్లో లాగి కొడితే బంతి గోడ దాటింది. వాడు తల దించుకుని, బ్యాట్ చంకలో పెట్టుకుని పెవిలియన్ వైపు నడిచొచ్చేశాడు. అంపైర్ చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. మైదానమంతా నవ్వింది. మనవాడికి అది సిక్సరని నమ్మకం కలగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత మూడు బంతులకే నిజంగా అవుటయ్యాడు, ఎందుకంటే లెదర్ బంతి వాడి బ్యాట్ మీదకు ఎప్పుడొస్తుందో వాడికి అలవాటు లేదు.

రెండు రూల్స్ వల్ల పైనున్నవాడికి నష్టం లేదు, వాడికి కంపెనీవాళ్ళే పెట్టెలకొద్దీ బంతులు ఇస్తారు. కింద సరదాకు ఆడేవాడికీ నష్టం లేదు. నష్టపోయేది మధ్యలో నిచ్చెన ఎక్కుతున్నవాడు. యు.ఎస్. ఓపెన్‌కు ఏటా పదివేల పైచిలుకు మంది దరఖాస్తు పెడతారు, అందులో అమెచ్యూర్లూ ఉంటారు. ఆ పోటీకి ఓపెన్ అన్న పేరు వచ్చిందే అందుకు. మన దేశంలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లోనూ 1993లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే పనివాడు. కొడుకు అక్కడే ఆట నేర్చుకుని 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. పెద్ద దూరం కొట్టేవాడేమీ కాదు, గుంట దగ్గరి నేర్పుతో నెగ్గినవాడు. అలాంటి పిల్లవాడు వారమంతా క్లబ్బులో దొరికిన పాత బంతితో ఆడి, ఆదివారం సెలెక్షన్‌కు వేరే బంతితో ఆడాలంటే? ఆ రెండో బంతి ఎవరు కొనిపెడతారు? ఏ దెబ్బకు ఎంత దూరం పోతుందో చేతికి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. 15 గజాలంటే టీవీ చూసేవాళ్ళకు చిన్న తేడా. గుంట ముందు నీళ్ళుంటే ఆ పిల్లవాడికి అదే పాసూ ఫెయిలూ.

అందుకే 2023 డిసెంబరు నిర్ణయమే మేలని ఇప్పుడు ముగ్గురిలో ఇద్దరం అనుకుంటున్నాం. బంతి ఒకటే ఉండాలి, అందరికీ కొంచెం తగ్గాలి. పెద్దాయన కోల్పోయే ఆ 5 గజాలకు మందు ఉంది, ఇంకొంచెం ముందున్న ప్రారంభ స్థలం నుంచి కొట్టడమే. అహం ఒప్పుకోక చాలామంది ముందుకు రారట, అది వేరే సంగతి. కర్ర పొడవు, పోయిన బంతికి జరిమానా లాంటివి స్థాయిని బట్టి వేరుగా ఉన్నా పరవాలేదు, వాటి కోసం ఎవరూ కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, చేయి మార్చుకోనక్కర్లేదు. రూలు వేరు చేసే ముందు ఆ తేడా ఖర్చు ఎవడి జేబు మీద పడుతుందో చూడాలన్నదే మా పట్టు.

మా మూడోవాడు ఇంకా ఒప్పుకోలేదు. ఊళ్ళో ఆడుకునే పిల్లల చేత లెదర్ బంతి కొనిపిస్తారా మీరు, అని అడుగుతున్నాడు. దానికి మా దగ్గర మంచి జవాబు లేదు. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత విద్యార్థులకూ తమ్ముళ్ళకూ మ్యాచ్ పెట్టామని సార్ చెప్పారు. బంతి టెన్నిస్‌దేనట. గోడ దాటితే అవుటా, సిక్సరా అన్నది మాత్రం టాస్‌కు ముందే తేల్చుకుందాం.